బొమ్మల మాస్టారి జవాబులు: అయోవా డ్రాయింగ్ టీచరు గ్రాంట్ వుడ్

గత సంచిక వెనక అట్ట మీద అమెరికా చిత్రకారుడు గ్రాంట్ వుడ్ గీసిన ‘అమెరికన్ గోథిక్’ వేశాం. గడ్డి ఎత్తే మూడు పళ్ల ఫోర్కు పట్టుకున్న ముసలాయన, పక్కన మూతి బిగించుకున్న ఆడమనిషి, వెనక తెల్ల రంగేసిన చెక్క ఇల్లు. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఆ బొమ్మ గురించే. అందుకని ఈ నెల చోటంతా వుడ్‌గారికే. ముగ్గుల రంగులు చేతికి అంటుకుంటున్నాయని రాసిన వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, నేను ఓ ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష పాసయ్యాను, టీచర్ ట్రైనింగ్ (టీటీసీ) చేశాను. టైంటేబుల్లో డ్రాయింగ్ పీరియడ్ ఉంటుంది గానీ పరీక్షలు దగ్గర పడితే అది లెక్కల మాస్టారికి పోతుంది. నాకు మిగిలేవి సైన్సు చార్టులు, స్టేజీ డెకరేషన్, యాన్యువల్ డే కటౌట్లు. సొంత బొమ్మ ముట్టుకుని చాలా కాలమైంది. హైదరాబాద్ వచ్చెయ్యమని స్నేహితులు పోరుతున్నారు. ఆ ఫోర్కు బొమ్మ వేసినాయన కూడా స్కూలు టీచరేనట కదా, ఎలా నెగ్గుకొచ్చాడు? – ఒక డ్రాయింగ్ టీచర్, రావులపాలెం

జవాబు: టీచరేనండీ. తర్వాత యూనివర్సిటీ దాకా వెళ్లాడు గానీ, మొదలుపెట్టింది మీలాగే స్కూలు పిల్లలతో. 1919 నుంచి 1925 వరకు అయోవా రాష్ట్రంలోని సీడర్ రాపిడ్స్‌లో, ముందు జాక్సన్ స్కూల్లో, తర్వాత మెకిన్లీ స్కూల్లో పనిచేశాడు. చేరేనాటికి ఆయన పరిస్థితి మీకంటే గొప్పగా ఏమీ లేదు. 1891లో అనమోసా అనే చిన్న ఊరి దగ్గర పొలంలో పుట్టాడు. పదేళ్లకి తండ్రి పోతే తల్లి పొలం వదిలి పిల్లలతో టౌనుకి వచ్చేసింది. హైస్కూలయ్యాక మినియాపొలిస్‌లో చేతిపనులు నేర్చుకున్నాడు. షికాగోలో రాత్రి క్లాసులకి వెళ్లాడు. వెండి నగల పని పెడితే నడవలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరితే ఫిరంగులు శత్రువు కంటపడకుండా రంగులేసే పని చూశాడు. అదీ అయ్యాక, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఇంటి భారం నెత్తిన పెట్టుకుని చాక్‌పీసు పట్టుకున్నాడు.

మీరు విసుక్కుంటున్న పనులే ఆయనకీ పడ్డాయి. మెకిన్లీ స్కూల్లో అల్లరి చేసిన పిల్లలు హెడ్‌మిస్ట్రెస్ గది బయట కూర్చోవడానికి ఓ బల్ల కావాల్సొచ్చింది. మనమైతే ల్యాబులోంచి కాలు విరిగిన బెంచీ ఒకటి ఈడ్చుకొచ్చి, కింద ఇటుక పెట్టి ఊరుకుంటాం. వుడ్ పిల్లల్ని కూడగట్టుకుని ఓకు చెక్కతో వీపానుకునే పెద్ద బల్ల తయారుచేశాడు. వెనక చెక్క పొడవునా ‘తప్పు చేసినవాడి దారి కష్టం’ అని పెద్ద అక్షరాలు, పైన ఏడుపు ముఖాలు. శిక్ష పడ్డ కుర్రాడు తలెత్తితే తనలాంటి ముఖమే కనపడుతుందన్నమాట. ఆ బల్ల ఇప్పుడు సీడర్ రాపిడ్స్ మ్యూజియంలో ఉంది. మన కటౌట్లు మర్నాడు చెత్తబండిలో ఉంటాయి.

ఇంకోసారి తొమ్మిదో తరగతి మగపిల్లల చేత పొడుగాటి కాగితపు చుట్ట మీద ఎక్కడా లేని దీవులు గీయించాడు. స్టేజీ మీద చుట్ట విప్పుతూ పోతే దీవులు ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. పక్కన ఒక కుర్రాడు నిలబడి వాటి కథ చదువుతాడు. మీ యాన్యువల్ డేకి ఇది చేసి చూడండి. దీవులు ఊహించుకోవాల్సిన పని కూడా లేదు మనకి, గోదావరి పాయలు గౌతమి, వసిష్ఠల నిండా లంకలే. అరటితోట ఉన్న లంక, వరదలో మునిగిన లంక, పడవలో గేదెని ఎక్కించుకుపోయే లంక. అదే పిల్లలు, సినిమా హీరో కటౌటుకి పెట్టే ఖర్చు కూడా అవదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆర్టిస్టుల జీవితాలు రాసేవాళ్లు ప్రతిభ, తపన అని పేజీలు నింపి, ఇంటద్దె ఎవరు కట్టారో మాత్రం మింగేస్తారు. వుడ్ విషయంలో ఆ మనిషి డేవిడ్ టర్నర్. సీడర్ రాపిడ్స్‌లో అంత్యక్రియలు జరిపించే వ్యాపారం ఆయనది. కొత్తగా కొన్న భవంతిలో గోడల నిండా వుడ్ బొమ్మలు పెట్టించాడు. దాని వెనక గుర్రబ్బండ్లు పెట్టే పాత షెడ్డు, దానిమీద గడ్డి దాచే అటక ఉంటే, ‘నువ్వుండు, అద్దె వద్దు’ అన్నాడు. వుడ్ దాన్ని బాగుచేసుకుని 1924 నుంచి 1935 దాకా తల్లితో అక్కడే కాపురం, అక్కడే స్టూడియో. గుమ్మం తలుపు శవపేటిక మూతతో చేశాడు! దానిమీద గడియారంలాంటి చక్రం, ఒక ముల్లు: లోపలున్నాను, ఊళ్లో లేను, స్నానం చేస్తున్నాను, పార్టీ నడుస్తోంది. ముల్లు ఎటు తిప్పితే అదీ సంగతి. మన ఊళ్లో అయితే శవపేటిక మూత తలుపున్న ఇంటికి పాలవాడు కూడా రాడు. ఆ అటక దొరికిన మరుసటి ఏడాదే ఆయన స్కూలు ఉద్యోగం వదిలాడు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ముందు అటక, తర్వాత రాజీనామా.

ఉద్యోగం మానాక కూడా ఆయన చేసినవి చాలావరకు మనం ‘కమర్షియల్ పని’ అని చిన్నచూపు చూసేవే. పాల డెయిరీ యంత్రాల ఫ్యాక్టరీలో పనివాళ్ల బొమ్మలు వేశాడు. హోటళ్ల భోజనాల గదుల్లో గోడల చుట్టూ మొక్కజొన్న చేలు గీశాడు. అయోవా వాళ్లు రోజూ చూసే చేను, రోజూ తినే గింజ, దాన్నే హోటలు గోడకెక్కించాడు. కోనసీమలో ఏ ఫంక్షన్ హాలుకి వెళ్లినా స్విట్జర్లాండ్ మంచుకొండల ఫ్లెక్సీ. హాలు ఓనరుకి వేరే బొమ్మ చూపించినవాడు లేక. మీరు చూపించండి. పది మందిలో తొమ్మిది మంది ఫ్లెక్సీయే చాలంటారు. పదో ఆయన టర్నర్ అవ్వొచ్చు.

అయితే ఊరు కదలొద్దని నేను చెప్పడం లేదు. వుడ్ 1920 నుంచి 1928 లోపు నాలుగుసార్లు యూరప్ వెళ్లొచ్చాడు. మొదటి మూడుసార్లూ పారిస్ గాలి. గడ్డం పెంచాడు, చెట్ల మధ్య వెలుతురు మచ్చలు మచ్చలుగా గీశాడు, అలాంటివి గీసేవాళ్లు అప్పటికే పారిస్‌లో వీధికి పదిమంది. నాలుగోసారి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లింది పని మీద. సీడర్ రాపిడ్స్‌లో యుద్ధ స్మారక భవనానికి ఇరవై నాలుగు అడుగుల ఎత్తు రంగుటద్దాల కిటికీ చేసే కాంట్రాక్టు ఆయనకి దొరికింది, అద్దాలు అక్కడ చేయించాలి. ఖాళీ దొరికినప్పుడల్లా అక్కడి మ్యూజియంలో నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఉత్తర యూరప్ చిత్రాలు చూశాడు. వాళ్లు బైబిలు కథ గీసినా తమ ఊరి బట్టలే కట్టారు, తమ ఇంటి గిన్నెలే పెట్టారు, ఒక్క కుట్టు కూడా వదలకుండా. తిరిగొచ్చి 1929లో తల్లి చేత కుండీ పట్టించి కూర్చోబెట్టి బొమ్మ వేశాడు. 1930లో ఈ ఫోర్కు బొమ్మ. మీరు హైదరాబాద్ వెళ్లండి, మ్యూజియాలు చూడండి, మంచివాళ్ల దగ్గర కూర్చోండి, రండి. మకాం మార్చే సంగతి అద్దె ఎవరు కడతారో తేలాక.

ఆ కిటికీ గొడవ కూడా చెప్పి ముగిస్తాను, స్కూలు యాజమాన్యాలతో వేగేవాళ్లకి ఊరట. యుద్ధం చేసింది జర్మనీతో, స్మారక కిటికీ జర్మనీలో చేయిస్తావా అని దేశభక్త మహిళా సంఘం వాళ్లు లేచారు. కిటికీ ప్రారంభోత్సవం వాయిదా పడి పడి చివరికి 1955లో జరిగింది, వుడ్ పోయిన పదమూడేళ్లకి. ఆయన జవాబు బొమ్మతో చెప్పాడు. 1932లో ఓ బొమ్మ వేశాడు: టీ కప్పు పట్టుకుని పెదాలు బిగించిన ముగ్గురు పెద్దావిడలు, వాళ్ల వెనక గోడ మీద అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జార్జ్ వాషింగ్టన్ డెలవేర్ నది దాటే ప్రసిద్ధ చిత్రం. ఆ ప్రసిద్ధ చిత్రం వేసిన లోయిట్స పుట్టింది జర్మనీలో, దాన్ని వేసిందీ జర్మనీలోనే.

ప్రశ్న: అందులో ఉన్నది మొగుడూ పెళ్లామా, తండ్రీ కూతురా? మా ఇంట్లో పందెం వేసుకున్నాం. – అత్తాకోడళ్లు, పాలకొల్లు

జవాబు: రెండూ కాదు. ఆవిడ వుడ్ చెల్లెలు నాన్, ఆయన వాళ్ల పళ్ల డాక్టరు బైరన్ మెకీబీ. బొమ్మ కోసం ఇద్దరూ పక్కపక్కన నిలబడలేదు, వేర్వేరుగా గీశాడు. వెనకనున్న ఇల్లు ఎల్డన్ అనే ఊళ్లో ఉంది, బొమ్మ కోసం అక్కడికి వీళ్లు వెళ్లనే లేదు. అంత చిన్న చెక్క ఇంటికి చర్చిలో ఉండేలాంటి మొనదేలిన ‘గోథిక్’ కిటికీ చూసి వుడ్‌కి సరదా పుట్టి, ఈ ఇంట్లో ఎలాంటివాళ్లు ఉంటారా అని ఆలోచిస్తే వచ్చిన మనుషులు వీళ్లు. భార్య అనుకున్న జనం, ముప్పై ఏళ్ల మనిషికి అరవై దాటిన మొగుడా అని నవ్వేసరికి, నాన్ ‘నేను కూతుర్ని’ అని చెప్పుకుంటూ వచ్చింది. పందెం మరి ఎవరిదో మీరే తేల్చుకోండి. తండ్రీ కూతుళ్లన్నవాళ్లకి కొంచెం మొగ్గు.

ఇప్పుడు పత్రిక దగ్గరగా పెట్టుకుని చూడండి. ఫోర్కు మూడు పళ్లు ఉన్నాయి కదా. ముసలాయన తొడుక్కున్న కూలి బట్టల ఛాతీ మీద కుట్లు చూడండి, అక్కడా అదే ఫోర్కు తలకిందులుగా కాక నిలువుగా కనపడుతుంది. కిటికీ చట్రంలోనూ నిలువు గీతలే. ఆవిడ జుట్టు నున్నగా దువ్వి వెనక్కి కట్టింది, కుడి చెవి పక్క నుంచి ఒక్క పాయ జారింది. బొమ్మ అంతా ఇస్త్రీ పెట్టినట్టు ఉండి ఆ ఒక్క పాయ దగ్గరే మనిషి దొరుకుతుంది. మెడ దగ్గర బ్రోచ్ వుడ్ తల్లిది. ఏప్రాన్ అంచు వంకీల లేసు అప్పటికే ఫ్యాషన్ పోయి షాపుల్లో దొరక్క పాత బట్టల్నుంచి ఊడదీసి కుట్టారు. ఆవిడ భుజం వెనక అరుగు మీద కుండీలున్నాయి. అందులో నిలువుగా కత్తుల్లా లేచిన ఆకులది, 1929లో తల్లి చేతిలో గీసిన మొక్కే. మన కడియం నర్సరీల్లో స్నేక్ ప్లాంట్ అని అమ్ముతారే, అదే.

షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పోటీలో దీనికి పతకమూ 300 డాలర్లూ ఇచ్చి బొమ్మ ఉంచేసుకున్నారు. అయోవా రైతుల భార్యలకి మాత్రం ఒళ్లు మండింది. మేమిలా ఉంటామా అని పత్రికలకి ఉత్తరాలు రాశారు.

ప్రశ్న: అమెరికా ఆయన్ని ఇంత ఆకాశానికెత్తుతున్నారు, మన దామెర్ల రామారావుగారు కనపడలేదా మీకు? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కనపడకేం! నిజానికి వీళ్లిద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. రామారావుగారు 1897లో రాజమండ్రిలో పుట్టారు, వుడ్‌కి ఆరేళ్లు చిన్న. ఆయనకి దారి చూపించింది ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లండ్ మనిషి, తనూ చిత్రకారుడే. తెల్లదొర అయ్యుండి పాశ్చాత్య చిత్రాలు నకలు చేయమనలేదు, కుర్రాళ్లని అజంతా చూపించడానికి తీసుకెళ్లాడు. తర్వాత రామారావుగారు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరడానికీ ఆయనే సాయం. వుడ్‌కి మ్యూనిక్ మ్యూజియం చేసిన పని మన కుర్రాడికి అజంతా గుహలు చేశాయి.

బొంబాయిలోనే ఉండిపోవచ్చు, పేరూ వస్తోంది. అయినా తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. వుడ్‌కి యాభై దాకా ఆయుష్షుంది. రామారావుగారు మశూచితో 1925 ఫిబ్రవరిలో పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. అదే ఏడాది వుడ్ స్కూలు ఉద్యోగం మానాడు, ఆయన గొప్ప బొమ్మ ఒక్కటీ అప్పటికి పుట్టలేదు. ఆ వయసుకే వుడ్ పోయుంటే సీడర్ రాపిడ్స్‌లో కూడా ఎవరికీ గుర్తుండేవాడు కాదు. రామారావుగారు ఆ కొద్ది ఏళ్లలోనే ‘పుష్పాలంకారం’, ‘సిద్ధార్థ రాగోదయం’ లాంటివి వేసి వెళ్లారు. మిత్రుడు వరదా వెంకటరత్నంగారు ఆ కళాశాలని పట్టుకుని నడిపించారు. బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. రాజమండ్రి వాళ్లు పుష్కరాలకొచ్చిన చుట్టాల్ని గోదావరి గట్టు, పేపరు మిల్లు చూపించి పంపేస్తుంటారు. ఈసారి గ్యాలరీకి కూడా తీసుకెళ్లండి, నా మీద కోపం అక్కడ తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి బొమ్మల పిచ్చి. ఇంటర్ అయ్యాక బీఎఫ్ఏ (చిత్రకళలో డిగ్రీ) అంటోంది. వాళ్ల నాన్న ‘బొమ్మల మాస్టార్లు ఏం నేర్పుతారు, గీతలు గీయడమేగా’ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, వుడ్ దగ్గర చదివిన ఒకమ్మాయి సంగతి వాళ్ల నాన్నగారికి చదివి వినిపించండి. ఎలిజబెత్ క్యాట్లెట్, నల్లజాతి అమ్మాయి. పిట్స్‌బర్గ్‌లో ఒక కాలేజీ జాతి చూసి సీటివ్వలేదు. తర్వాత అయోవా యూనివర్సిటీలో పీజీకి వచ్చింది. వుడ్ 1934 నుంచి అక్కడ పాఠాలు చెప్తున్నాడు. సీటైతే ఇచ్చారు గానీ నల్లవాళ్లకి హాస్టల్లో చోటులేదు, బయట గది చూసుకుంది. వుడ్ ఆమెకి చెప్పింది ఒకటే, నీకు బాగా తెలిసినవాళ్లనే చెయ్యి అని. ఆమెకి తెలిసింది నల్లజాతి ఆడవాళ్లు. తల్లీబిడ్డల శిల్పం చేసింది. 1940లో ఆ యూనివర్సిటీ మొట్టమొదట ఇచ్చిన ఎంఎఫ్ఏ (చిత్రకళలో పీజీ) డిగ్రీల్లో ఒకటి ఆమెకొచ్చింది, అదే ఏడాది ఆ శిల్పానికి షికాగోలో మొదటి బహుమతి. 2012లో పోయేదాకా ఎక్కువగా ఆడవాళ్లనే చెక్కింది, అచ్చు బొమ్మలుగా వేసింది. చూడ్డానికి వుడ్ బొమ్మలకీ ఆమె శిల్పాలకీ ఏ పోలికా ఉండదు. మాస్టారు తన చెయ్యి పిల్లకి అంటించలేదన్నమాట, అది చాలామందికి చేతకాదు.

వుడ్‌కి ఆ యూనివర్సిటీలో సుఖం లేదు లెండి. డిపార్టుమెంటు హెడ్డుకి పారిస్ పద్ధతులు ఇష్టం, మా ఊరు మా చేను అనే వుడ్ పద్ధతి మోటుగా తోచింది. తగువు ముదిరి వుడ్ ఒక ఏడాది సెలవు పెట్టాడు. తర్వాత కొద్దికాలానికే పాంక్రియాస్ క్యాన్సరుతో 1942 ఫిబ్రవరి 12న పోయాడు. మర్నాడు ఆయన యాభై ఒకటో పుట్టినరోజు.

బీఎఫ్ఏకి విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉన్నాయి. ఎంట్రన్స్‌లో చూసి గీయడం వస్తుంది. ఇప్పటినుంచే రోజూ ఇంట్లో కనపడినవి గీయించండి. ఫోన్లో ఫొటో చూసి కాదు, ఎదురుగా పెట్టుకుని. కత్తిపీట, కొబ్బరి ఒలిచే గునపం, గోనెసంచి. గోనెసంచి మడతలు గీయగలిగిన పిల్ల ఏ ఎంట్రన్స్‌కీ బెదరదు.

ప్రశ్న: వుడ్ ‘అమెరికన్ గోథిక్’ని కాన్వాసు మీద కాక అట్టలాంటి పలక మీద వేశాడట, నిజమా? మా ఊళ్లో వానాకాలం కాన్వాసుకి బూజు పట్టేస్తోంది. – ఒక పెయింటర్, అంతర్వేది

జవాబు: నిజమే. బీవర్ బోర్డు అని కలప గుజ్జు నొక్కి చేసే చవక పలక, ఇళ్లలో గోడలకి కొట్టుకునేది. నున్నగా ఉండి సన్న గీతకి బాగా అనుకూలం. మనకి హార్డ్‌బోర్డు దొరుకుతుంది. నున్నటి వైపు ఉప్పుకాగితంతో కొంచెం రుద్దండి, లేకపోతే రంగు పట్టదు. ప్రైమరు (రంగుకి ముందు వేసే పూత) ముందు వైపు ఎన్నిసార్లు వేస్తే వెనక వైపూ అన్నిసార్లు వెయ్యాలి, అంచులు కూడా వదలొద్దు. ఒక్క వైపే వేస్తే సముద్రపు చెమ్మకి అప్పడంలా వంకర తిరుగుతుంది. పెద్ద పలకైతే వెనక టేకు బద్దలు అడ్డంగా బిగించండి. గోడకి ఆనించి తగిలించకుండా నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అంటిస్తే వెనక గాలాడుతుంది. బాగా ఆరిన బొమ్మని ఆశ్వయుజం ఎండల్లో ఓసారి నీడపట్టున బయట పెట్టండి. సూటిగా ఎండలో మాత్రం వద్దు.